ఎవరిదీ కాని బొమ్మ

ఉప్పునుంతల అంగన్‌వాడీ గోడ మీద ఒక పిల్ల ఉండేది. పసుపు గౌను, రెండు జడలు, ముఖంలో సగం ఆక్రమించిన కళ్లు. మెట్టు మీద కూర్చుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఎవరో పిలిస్తే ఇటు తిరిగినట్టు చూసేది. పిల్లలు ఆమెను పసుపు గౌనక్క అనేవాళ్లు. మా హన్విక ఆ అక్కకు టాటా చెప్పకుండా ఇంటికి వచ్చేది కాదు.

మా వైపు ఆ పిల్లను చూడనివాళ్లు ఉండరు. అచ్చంపేటలో టీకాలు వేసే గది బయట ఉంటుంది. వనపర్తిలో బడి ప్రహరీ మీద పలక పట్టుకుని ఉంటుంది. గద్వాలలో కుళాయి కింద చేతులు కడుక్కుంటూ ఉంటుంది. నేను ఆరో తరగతి చదివిన బడిలో కూడా నీళ్ల ట్యాంకు మీద ఉండేది. ఏదో పాత కార్టూన్ బొమ్మ అనుకునేవాణ్ని. ఆమెను మొదట గీసిన మనిషి ఒకడు ఉంటాడన్న సంగతి నాకు ముప్పై ఏళ్లు వచ్చేదాకా తట్టలేదు.

ఆయన పేరు సామ్యూల్. ఉప్పునుంతల వాళ్లు సామేలు అంటారు. ఆయన గురించి రాయాలంటే ముందు నేను చేసిన పని చెప్పాలి.

నేను అచ్చంపేటలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. నా భార్య నవనీత ఉప్పునుంతల దవాఖానలో నర్సు. హన్వికకు నాలుగేళ్లు. పోయిన ఏడాది ఏప్రిల్‌లో ఒకరోజు మధ్యాహ్నం నేను తీసుకురావడానికి వెళ్లేసరికి, గోడ దగ్గర కూర్చుని గౌను అంచు నుంచి పసుపు పెచ్చులు గిల్లుతోంది. నోట్లో ఒకటి ఉంది. వేలు పెట్టి తీశాను.

"తియ్యగుంది డాడీ" అంది.

పాత ఆయిల్ పెయింట్లలో, ముఖ్యంగా పసుపులో, సీసం కలిపేవాళ్లు. అది పిల్లల మెదడుకు చేసే హాని నేను ఏటా పాఠంగా చెప్తాను. ఆ పెచ్చులను మందు డబ్బాలో వేసుకుని కాలేజీ ల్యాబ్‌కు తీసుకెళ్లాను. ఆమ్లంలో కరిగించి పొటాషియం అయొడైడ్ చుక్కలు వేయగానే పరీక్షనాళిక అడుగున బంగారు రంగు పొడి దిగింది. విద్యార్థులు చూస్తే చప్పట్లు కొట్టే రంగు అది. సీసం ఉందని తేల్చే రంగు కూడా అదే. హన్వికను హైదరాబాద్ తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించాను. ప్రమాదం లేదన్నారు. నెల తర్వాత మళ్లీ చేయించాను. నవనీత నన్ను చూసి, "నువ్వే ఓ టెస్ట్ చేయించుకో" అంది.

గోడకు ఫోటోలు తీసి, దరఖాస్తు రాసి, తిరిగినచోటికే తిరిగి, మొత్తానికి సెలవుల్లోనే ఆ బొమ్మను గీకించాను. దుమ్ము లేవకుండా గోడ తడిపించి, పక్కనే నిలబడి గీకించాను. ఆపైన సున్నం వేశారు. జూన్‌లో బడి తెరిచేసరికి గోడ తెల్లగా ఉంది. హన్విక గోడ ముందు నిలబడి, "అక్క ఏది?" అంది. "ఊరికి పోయింది" అన్నాను.

జూలైలో ముసురు పట్టింది. మూడో రోజు అంగన్‌వాడీ ఆయా చిన్నమ్మ నాకు ఫోన్ చేసింది.

"సారూ, ఆ పోరి మళ్లొచ్చింది."

"ఏ పోరి?"

"గోడమీది పోరి సారూ. జర వచ్చి చూడుండ్రి. మాలతి టీచర్ లోపటికి పోతలేదు."

వెళ్లి చూశాను. తెల్లటి సున్నం మీద, తడిసిన నీడలాగా, మెట్టు మీద కూర్చున్న పిల్ల. జడలు, భుజాలు, మోకాళ్ల మీద చేతులు అన్నీ ఉన్నాయి. ముఖం ఉండాల్సినచోట మాత్రం ఏమీ లేదు. సున్నం ఆయిల్ పెయింట్ మీద సరిగా పట్టదని, గీకినా గోడలోకి ఇంకిన నూనె ఉంటుందని, అది ఉన్నచోట గోడ నీళ్లు వేరుగా పీల్చుతుందని చిన్నమ్మకు చెప్పాను. ముఖం దగ్గర బాగా లోతుగా గీకారు కాబట్టి అక్కడ ఏమీ మిగల్లేదని కూడా చెప్పాను.

చిన్నమ్మ అంతా విని, "అయితే వచ్చినట్టేనా, రానట్టా?" అంది.

అంతలో గేటు దగ్గర ఒక ముసలాయన కనిపించాడు. గొడుగు లేదు. నెత్తిన ఎరువుల సంచీ కప్పుకుని ఉన్నాడు. చెప్పులు విడిచి లోపలికి వచ్చి గోడకు ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"సామేలన్నా, గా తడిల కూసుంటివేంది? లే" అంది చిన్నమ్మ.

"మొకమేది?" అన్నాడాయన.

చిన్నమ్మ నావైపు చూసింది. ఆయన కూడా చూశాడు.

"గీకిచ్చింది నేనే అన్నా. ఆ రంగుల సీసం ఉన్నది. పిల్లలు నోట్లె పెట్టుకుంటుండ్రు" అన్నాను.

కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే చెప్పడానికి నా దగ్గర ల్యాబ్ ఫలితం ఉంది. ఆయన తల ఊపి, "పిల్లల పానం కంటే ఎక్కువ గాదు" అన్నాడు. "ఫోటో గిట్ల ఉన్నదా సారూ?" అని అడిగాడు.

ఫోన్ తీసి చూపించాను. దరఖాస్తు కోసం తీసినవి పదకొండు ఫోటోలు. పెచ్చులు లేచినచోటల్లా పక్కన స్కేలు పెట్టి మరీ తీశాను. పెచ్చులు లేచింది పిల్లల చేతులు అందేచోట. కాబట్టి అన్నిటిలోనూ గౌను అంచు, పాదాలు, మెట్టు ఉన్నాయి. ముఖం లేదు. ముఖానికి ఏ లోపం లేదు కాబట్టి నేను దాన్ని తీయలేదు.

చివరి ఫోటోలో మాత్రం గోడంతా వచ్చింది. కానీ నేను బటన్ నొక్కే సమయానికి హన్విక పరిగెత్తుకొచ్చి అక్క ముందు నిలబడింది. నాకు వీపు చూపిస్తూ, అక్క మెడ చుట్టూ చేతులు వేయబోతున్నట్టు ఉంది. దాని తల ఆ పిల్ల ముఖంలో ఎడమ సగాన్ని మూసేసింది.

సామ్యూల్ ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని, తెర మీద తడి వేలు పెట్టి, పురుగును పక్కకు తోసినట్టు హన్విక తలను తోశాడు. ఫోటో పక్కకు జరిగింది. మళ్లీ మొదటికి తెచ్చి మళ్లీ తోశాడు.

"గీ పాప ఎవరు?"

"నా బిడ్డ."

"గోడ మీదిది గూడ నా బిడ్డనే సారూ" అన్నాడు.

*

అచ్చంపేటలో ఆయన ఇల్లు ఒకే గది. ముందు రేకుల పంచ. పంచలో రంగు డబ్బాలు, సగం అక్షరాలు రాసిన ట్రాక్టర్ నంబరు పలక. ఆదివారం చర్చి నుంచి వచ్చాక రమ్మంటే వెళ్లాను. భార్య విజయమ్మ చాయ్ ఇచ్చి, గడప మీద కూర్చుంది.

సామ్యూల్ ఉప్పునుంతల దగ్గరి పల్లెలో పుట్టాడు. తండ్రి జీతగాడు. పన్నెండేళ్లప్పుడు రోడ్డు పనుల ముఠాతో మహారాష్ట్రకు పోయాడు. అక్కడ మైలురాళ్లకు రంగు వేసే మనిషికి జ్వరం వస్తే ఈయన చేతికి కుంచె ఇచ్చారు. చదువు రాదు. అంకెలను బొమ్మలుగా చూసి దించాడు. తర్వాత అక్షరాలూ అట్లాగే వచ్చాయి. చదవడం తెలియక ముందే రాయడం తెలిసిందని నవ్వుతూ చెప్పాడు. ఊరికి వచ్చి ఎరువుల ప్రకటనలు, సిమెంటు ప్రకటనలు, ఎన్నికల గుర్తులు వేశాడు. పోలియో చుక్కల గోడలు వేశాడు. ఇరవై ఏళ్లు ఆయన చేయి పడని గోడ ఈ చుట్టుపక్కల లేదు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. ఇప్పుడు ట్రాక్టర్ల మీద పేర్లు, సమాధుల మీద సిలువలు రాస్తున్నాడు.

"బొమ్మల కత జెప్పు సారుకు" అంది విజయమ్మ.

గద్వాలలో ఒక ప్రైవేటు బడి వాళ్లు పిలిచి, టీవీలో వచ్చే విదేశీ కార్టూన్లన్నీ గోడల నిండా వేయించుకున్నారట. పది రోజులు కూర్చుని వేశాడు. పూర్తయిన వారానికే ఆ హెడ్మాస్టర్ కబురు పెట్టాడు. పట్నంలో ఎవరికో కేసు అయిందని, ఆ బొమ్మలకు కంపెనీలు ఉన్నాయని, పోలీసులు వస్తారని ఎవరో చెప్పారట.

"సామేలూ, గవన్నీ తుడిపెయ్, నన్ను జైల్ల ఏపిస్తవా అన్నడు సారూ. నాకు తెల్వదు గదా బొమ్మకు గూడ మాలకు, ఓనరుంటడని. ఇంకో గోడ మీదున్నదాన్ని జూసి ఈ గోడ మీద ఏస్తి. మళ్ల నా చేతులతోనే సున్నమేసిన. గప్పుడనుకుంటి, ఎవ్వనికీ భయపడకుండ నా బొమ్మ నేనే ఏస్కోవాలె అని."

ఆ మరుసటి ఏడు ఉప్పునుంతలలో కొత్త అంగన్‌వాడీ కట్టారు. సామ్యూల్ తన ఆరేళ్ల కూతురు మనీషాను వెంట తీసుకుపోయేవాడు. అది మెట్టు మీద కూర్చుని నాయిన పని చూసేది. దాన్నే గీశాడు. కళ్లు పెద్దవి చేశాడు, తల గుండ్రంగా చేశాడు, కార్టూన్ పిల్లలాగా. కానీ అది మనీషానే. చిన్నప్పుడు పార తగిలి ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు పడితే, అది కూడా వేశాడు.

చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. వనపర్తి పెయింటర్ నరేందర్ పనిగట్టుకుని వచ్చి, పలచటి కాగితం గోడకు అంటించి గీతలు దించుకున్నాడు. ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచి, కొత్త గోడకు పెట్టి, బొగ్గుపొడి మూటతో అద్దితే చుక్కలు పడతాయి. చుక్కలు కలిపితే బొమ్మ. ఈ పెయింటర్లంతా అట్లాగే ఒకరి నుంచి ఒకరు తీసుకుంటారు. నరేందర్‌కు కూడా గద్వాల బడి సంగతి తెలుసు. అందుకే కాగితం చుట్టుకుంటూ అడిగాడట, "అన్నా, గీ బొమ్మ ఎవరిది? రేపు నోటీసు గిట్ల రాదు గదా?" అని.

సామ్యూల్ చెప్పడం ఆపాడు. విజయమ్మ గడప మీద నుంచే అందుకుంది.

"చెప్పు. ఏమంటివి?"

"ఎవరిదీ కాదు, ఏస్కో పో అంటి."

"పక్కన్నే కూసోని ఉండె పిల్ల. ఇన్నది. ఇంటికొచ్చి, అమ్మా నేను ఎవరిదాన్ని గానంట అని నవ్వవట్టె. నువ్వు ముచ్చటకన్నవో, గర్వానికన్నవో. అంటివి గదా."

"అంటి" అన్నాడు సామ్యూల్.

ఆ ఎండాకాలం ఇద్దరూ మనీషాను సామ్యూల్ తల్లి ఎస్తేరమ్మ దగ్గర వదిలి పుణె పనికి పోయారు. వానలు మొదలయ్యాక కబురు వచ్చింది. వాళ్లు బస్సులు మారి వచ్చేసరికి మట్టి చేశారు. బడిలో చేర్చేటప్పుడు ఫోటో తీయిద్దాం అనుకున్నారు కాబట్టి అప్పటిదాకా ఒక్క ఫోటో లేదు. ఉన్నది ఆ గోడ. వాళ్లు ఇరవై మూడేళ్లుగా ఏడాదికి ఒకసారి, మనీషా పోయిన రోజున, ఆ గోడ దగ్గరికి వెళ్లి కూర్చుంటున్నారు. ఆ రోజే జూలైలో నేను సామ్యూల్‌ను చూసింది. ఆ ఏడు విజయమ్మకు మోకాళ్ల నొప్పి ఎక్కువై వెళ్లలేదు.

"గాటు యాడుండెనో తెలుసు సారూ" అన్నాడు సామ్యూల్. "ఆ కన్నే యాదికొస్తలేదు. గోడున్నది గదా, నేనెందుకు యాదుంచుకోవాలె అనుకుంటి."

జనవరిలో పేపర్లో చదివిన ఒక వార్త ఆయనకు చెప్పాను. ఏదో ఒకటి మాట్లాడాలని చెప్పాను. పాత విదేశీ కార్టూన్ బొమ్మలు కొన్నిటికి అమెరికాలో తొంభై ఐదేళ్లు నిండాయి, ఇక వాటికి మాలకు లేడు, ఎవరైనా వేసుకోవచ్చు అని. అయితే మొట్టమొదట గీసిన రూపం మాత్రమే అందరిదీ అవుతుంది, తర్వాత చేర్చిన హంగులు ఇంకా కంపెనీవే.

ఆయన శ్రద్ధగా విన్నాడు. "నాది ఉల్టా ఉన్నది సారూ. మొదటిదొక్కటే నాది. తర్వాతియన్నీ ఊరోళ్లయి" అన్నాడు.

లేవబోతుంటే అడిగాడు.

"మీరు సదువుకున్నోళ్లు. జర సచ్చెం జెప్పుండ్రి. నేను గట్లన్నందుకే పోయిందా పిల్ల?"

"కాదన్నా. మాటకు ప్రాణం ఎట్ల పోతది? ఏం జ్వరం వచ్చింది?"

"జరం గాదంట. మా అమ్మ జెప్పింది. కడుపునొప్పి అని శానా దినాలు ఏడ్సిందంట. అన్నం ముట్టకపోయేదంట. ఆఖరికి కాళ్లు చేతులు కొట్టుకోని, నోట్లె నురగ. గాలి సోకిందన్నరు."

నేను కూర్చున్నాను. కుంచెలు ఎట్లా కడిగేవాళ్లని అడిగాను. ఎందుకు అడిగానో తెలియకుండానే అడిగాను.

"మనీషానే కడిగేది. సన్న గీత రావాలంటె కుంచె మొన పెదాలతోని దిద్దుకుంటం సారూ. నన్ను జూసి అదిగూడ గట్లనే జేసేది. పసుపుదైతే ఇడిసేదే గాదు. నోట్లెనే పెట్టుకోని తిరిగేది. తియ్యగున్నది నాయినా అనేది."

విజయమ్మ సన్నగా నవ్వింది. "పెదాలకు పసుపు పూస్కోని పెండ్లిపిల్లలెక్క వస్తుండె" అంది.

నా బ్యాగులో ఆ మందు డబ్బా ఇంకా ఉంది. కడుపునొప్పి, ఆకలి లేకపోవడం, ఫిట్స్. నేను బోర్డు మీద రాసే వరుస అదే. నిజంగా అదేనా అన్నది ఇప్పుడు ఎవరూ తేల్చలేరు. మెదడువాపు కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. ఆయన నా ముఖం చూస్తూ ఉన్నాడు.

"మీరన్న మాటకు కాదు" అన్నాను. అంతవరకు నిజమే చెప్పాను.

*

ముఖం తిరిగి తేవాలని సామ్యూల్ పట్టుబట్టాడు. నా ఫోటోను పెద్దగా ప్రింటు తీయించి ఇచ్చాను. ఫోటోలో ఉన్న సగం ముఖాన్ని కాగితం మీదకు దించాడు. కాగితాన్ని ముక్కు గీత మీద మడతపెట్టి రెండు పొరల్లోంచీ సూది గుచ్చాడు. విప్పితే రెండు సగాలూ ఒకేలా వచ్చాయి. పెయింటర్లు దేవుళ్ల ముఖాలు అట్లాగే చేస్తారు. కనుబొమ్మ మీద గాటు పెట్టి విజయమ్మకు చూపించాడు.

ఆమె దూరం పెట్టి చూసింది, దగ్గర పెట్టి చూసింది. "శానా చక్కగున్నది. మన పిల్ల గాదు" అని ఇచ్చేసింది.

అప్పుడు పాత నకళ్లు వెతుకుదామన్నాడు. నరేందర్ దించుకున్న కాగితంతో వేసిన గోడ ఒక్కటి మిగిలి ఉన్నా చాలు. ఒక శనివారం ఇద్దరం బస్సెక్కాం. నరేందర్ బతికి లేడు. వనపర్తిలో ఆయన వేసిన గోడ ఉంది, కానీ కనుబొమ్మ మీద గాటు లేదు. కుంచె జారిందనుకుని సరిచేశాడేమో. కన్ను కూడా గుండ్రంగా సర్దేశాడు. ఇంకో బడిలో ఆమెకు బొట్టు పెట్టారు. ఇంకోచోట కళ్లజోడు. బీచుపల్లి వంతెన దాటి గద్వాలకు పోయాం. అక్కడ ఎవరో చిల్లుల కాగితాన్ని తిరగేసి అద్దారు. పిల్ల అటువైపు తిరిగి కూర్చుంది. జడలు మారాయి, నవ్వు మారింది. ఒకే పసుపు గౌను వేసుకున్న వేరేవాళ్ల పిల్లలు గోడ గోడకూ కూర్చుని ఉన్నట్టుంది.

కణం తన జన్యువుల నకలు తీసేటప్పుడు చిన్న తప్పు జరిగితే, తర్వాతి నకలు ఆ తప్పునే ఒప్పుగా తీసుకుంటుందని మా బాటనీ సారు చెప్తుంటాడు. సామ్యూల్‌కు అదేమీ చెప్పలేదు. ఆయన ప్రతి గోడ దగ్గరా నిలబడి, "నువ్వు గావు" అంటున్నాడు. తిట్టినట్టు కాదు. పొరపాటున వేరేవాళ్ల తలుపు కొట్టినవాడు అన్నట్టు.

తిరుగు బస్సులో అన్నాడు, "సారూ, ఒక మాటడుగుత. తప్పనుకోవద్దు. ఫోటోల ఎట్లున్నదో గట్లనే ఏస్త. మీ పాపను గూడ ఏస్త."

"ఎందుకు?"

"మీ పాప అడ్డం నిలవడ్డది గదా. దాని తలకాయ ఎనక మా పిల్ల మొకం ఉన్నది. నేను ఏసిన మొకమే. దాన్ని నేను కొత్తగ ఏస్తె అబద్ధమైతది. అడ్డం ఉన్నదాన్ని ఉన్నట్టు ఏస్తె, ఎనక ఉన్నది ఉన్నట్టే ఉంటది."

ఆలోచించి చెప్తానన్నాను. నాలుగు రోజులు ఆలోచించాను. చనిపోయిన పిల్ల మెడలో చేతులు వేసి నా కూతురు గోడ మీద ఉండటం. ఎప్పటికీ నాలుగేళ్లతో ఉండటం. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. రంగు, గోడ, అంతే. నవనీతతో అంటే ఆమె అన్నం కలుపుతూ, "ఏస్కోనీ పాపం. సైన్స్ చదివింది నువ్వా, చిన్నమ్మనా?" అంది. నిద్రలో హన్విక ఊపిరి సరిగా ఉందో లేదోనని లేచి చూసేవాడితో ఆ మాట అనడం తేలిక.

చివరికి ఒప్పుకున్నాను. రెండు షరతులు పెట్టాను. సీసం లేదని రాసి ఉన్న రంగులే వాడాలి. హన్విక ముఖం కనపడకూడదు, ఫోటోలో ఉన్నట్టు వీపే ఉండాలి.

"మొకం నేనెట్లేస్త సారూ, నాకు కనవడితె గదా" అన్నాడు.

సెప్టెంబరులో గోడ ఆరాక మొదలుపెట్టాడు. సున్నం మీద ఇంకా కొంచెం కనిపిస్తున్న ఆ నీడ మీదనే గీతలు దిద్దాడు. ఈసారి కుంచె మొన నోట్లో పెట్టుకోలేదు. నేను వద్దన్నాను. ఎందుకని అడిగాడు.

"మంచిది కాదు" అన్నాను.

ఆయన కుంచెను ఒక క్షణం చూశాడు. నావైపు చూశాడు. ఆ రోజు పంచలో నేను అడిగిన ప్రశ్న ఆయనకు గుర్తొచ్చిందనుకుంటాను. గుర్తొచ్చిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంకేమీ అడగకుండా, మొనను గుడ్డతో తుడిచి, మళ్లీ గోడవైపు తిరిగాడు. ఆ పూట మరి పని సాగలేదు.

ఎనిమిది రోజులకు పూర్తయింది. మెట్టు మీద మనీషా. ఆమె ముందు, నీలం గౌనులో, రెండు ఎర్ర క్లిప్పులతో, మాకు వీపు చూపిస్తూ హన్విక. మనీషా ముఖంలో కుడి కన్ను, ముక్కు అంచు, పెదవి చివర మాత్రమే కనిపిస్తాయి. కింద సామ్యూల్ తన చేతి రాతతో రాశాడు: "మనీషా, సామ్యూల్ విజయమ్మల బిడ్డ. ముందున్నది జితేందర్ సారు బిడ్డ." ఇరవై మూడేళ్ల క్రితం నరేందర్ అడిగినదానికి అది జవాబు.

విజయమ్మను ఆటోలో తీసుకొచ్చాం. చిన్నమ్మ కుర్చీ వేసినా కూర్చోకుండా, గోడ దగ్గరికి పోయి నిలబడింది. మనీషాను చూడలేదు. హన్విక క్లిప్పుల మీద చేయి పెట్టింది.

"జర జరుగు బిడ్డా అంటె జరిగేటట్టున్నది" అంది.

మా హన్విక నిజంగానే పక్కకు జరిగింది. తననే అన్నదనుకుంది. విజయమ్మ దాన్ని చూసి, గోడను చూసి, అప్పుడు కూర్చుంది.

"ఉన్నదా?" అన్నాడు సామ్యూల్.

"ఉన్నది. ఎనకాల ఉన్నది" అంది.

*

ఈ జనవరి చివర్లో ప్రాక్టికల్ పరీక్షల డ్యూటీ మీద వనపర్తి వెళ్లాను. బస్టాండు నుంచి నడుస్తుంటే ఒక ప్రైవేటు బడి ప్రహరీకి కొత్తగా రంగులు వేస్తున్నారు. నిచ్చెన మీద ఒక కుర్ర పెయింటర్ ఉన్నాడు. గోడ మీద, మెట్టు మీద కూర్చున్న పసుపు గౌను పిల్ల. ఆమె పక్కన నీలం గౌను పిల్ల.

నీలం గౌను పిల్ల ఇటు తిరిగి ఉంది.

అవే రెండు ఎర్ర క్లిప్పులు. వీపు చూపిస్తే బాగుండదని తిప్పినట్టున్నాడు. ముఖం పెట్టాడు. పెద్ద కళ్లు, బుగ్గలు, నవ్వు. హన్విక కాదు. హన్విక కాదని తెలిసినా నేను ఆ ముఖంలో దాన్ని వెతుకుతున్నాను. పక్కన మనీషాకు కూడా రెండో కన్ను పెట్టేశాడు, మొదటి కన్నులాగే. కింద పేర్లు లేవు.

"తమ్మీ, ఈ బొమ్మ ఎవరిది?" అన్నాను.

వాడు నిచ్చెన మీద నుంచే, "ఎవరిదీ కాదు సార్. అంతట ఉంటది గదా" అన్నాడు.

"ఆ నీలం గౌను పిల్ల నా బిడ్డ. పేరు హన్విక. ఈమె సామ్యూల్ బిడ్డ మనీషా. కింద రాయి."

వాడు కిందికి చూశాడు. నా మెడలో డ్యూటీ కార్డు చూశాడు. నవ్వాడు. "పేర్లు రాస్తే మా ప్రిన్సిపాల్ ఊకోడు సార్. మీ బిడ్డ గట్లనే ఉంటదా?"

"ఉండదు" అన్నాను.

పరీక్షకు టైమ్ అవుతోంది. రోడ్డు పక్కకు జరిగి నవనీతకు ఫోన్ చేశాను.

"హన్విక ఏం చేస్తుంది?"

"అంగన్‌వాడీల ఉన్నది. ఇప్పుడే దింపొచ్చిన. ఏమైంది?"

"ఏం లేదు. కడుపునొప్పి గిట్ల అన్నదా పొద్దున?"

"జితూ."

"మాలతి టీచర్‌కు చేసి ఒకసారి మాట్లాడించు. దాని గొంతు వింట."

నవనీత ఇంకో ఫోన్‌తో డయల్ చేస్తున్నట్టు వినిపించింది. అవతల రింగవుతోంది. ఎవరూ ఎత్తడం లేదు. నిచ్చెన మీద వాడు సన్న కుంచె తీసుకుని, మొనను పెదాల మధ్య పెట్టి దిద్దుకుని, నీలం గౌను పిల్లకు కనుబొమ్మలు వేయడం మొదలుపెట్టాడు.

"తమ్మీ, నోట్లె పెట్టకు" అని అరిచాను.

వాడు వినలేదు. ఇంకా రింగవుతోంది.